విప్పి చూపించని మోటారు

బరువు తగ్గించడం నా ఉద్యోగం. విమానాలకు కరెంటు పుట్టించే జనరేటర్లు డిజైన్ చేస్తాను. గాల్లోకి లేచే వస్తువులో ప్రతి గ్రాముకూ జవాబు చెప్పుకోవాలి. ఒక కిలో తగ్గిస్తే మా ఆఫీసులో కేకు కోస్తారు, ఫోటోలు దిగుతారు. ఇనుములో, రాగిలో, ఆఖరికి బోల్టుల తలల్లో కూడా గీకి గీకి బరువు తీసేసినవాణ్ణి నేను. తొమ్మిదేళ్ళుగా గుండె మీద కూర్చున్న ఒక్క బరువును మాత్రం దించుకోలేకపోయాను. లేకపోయాను అనడం కూడా దొంగమాటే. ప్రయత్నమే చేయలేదు.

మీరెవరో నాకు తెలియదు. తెలియనివాళ్ళకు చెప్పడం సులువనుకున్నాను. రాయడానికి కూర్చున్నాక తెలిసింది. మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ నా కష్టాలే ముందు వచ్చాయి. మెట్ట ఊళ్ళో పుట్టడం, గొర్రెలమ్మి ఫీజులు కట్టడం, ఇంగ్లీషు రాక హాస్టల్లో నోరు మూసుకుని కూర్చోవడం. తప్పు దగ్గరికి వచ్చేసరికి మీరు నా మీద జాలిపడిపోయి ఉండాలన్నది నా ఎత్తు. ఈసారి అలా చేయను. ముందు తప్పు చెప్పేస్తాను. తర్వాత చదువుతారో పక్కన పడేస్తారో మీ ఇష్టం.

నేను డిజైన్ చేసిన జనరేటరు పరీక్షలో కాలిపోయింది. దానికి రాగితీగ చుట్టిన మనిషి చేతి తప్పని చెప్పాను. ఆ చేతిలో తప్పు లేదు. తప్పు నా లెక్కలో ఉంది. అది నాకు ఆ రోజు మధ్యాహ్నానికే తెలుసు.

ఆ మనిషి పేరు మస్తానయ్య. ఆత్మకూరు బస్టాండు వెనక సందులో మోటారు వైండింగు షాపు ఆయనది. మాది ఉదయగిరి. కొండ కింద రెండెకరాల బత్తాయి తోట, ఒక బోరు, నలభై గొర్రెలు. ఇదీ మా నాయన సంసారం. ఎండాకాలం వచ్చిందంటే కరెంటు సరిగా ఉండదు, బోరు మోటారు ఒకసారైనా కాలుతుంది. దాన్ని గోనెసంచిలో కట్టి, కండక్టరుతో కొట్లాడి బస్సులో వేసుకుని, నేనూ నాయనా ఆత్మకూరు పోయేవాళ్ళం. మధ్యలో వేరే షాపులు లేక కాదు. నాయనకు మస్తానయ్య దగ్గరే గురి.

ఆ గురికి కారణం ఉంది. మస్తానయ్య మోటారును సొంతదారు ఎదురుగా లేకుండా విప్పడు. "పెట్టిపోతాం, రేపొస్తాం" అంటే కుదరదు. ఎంత పెద్ద రైతయినా, ఎంత తొందరలో ఉన్నా, అక్కడ స్టూలు మీద కూర్చోవాల్సిందే. ఆయన మూత తీసి, మాడిన కాయిళ్ళు బయటపెట్టి, సొంతదారు చెయ్యి పట్టుకుని ఆ మాడిన చోట పెట్టించేవాడు. అప్పుడు చెప్పేవాడు తీర్పు. ఒక్క చోటే బొగ్గయితే చుట్టినవాడి చెయ్యి. కొన్ని కాయిళ్ళు మాడి వాటి మధ్యలో కొన్ని పచ్చిగా ఉంటే, మూడు ఫేజుల కరెంటులో ఒకటి పోయినా మోటారు ఆపలేదని. చుట్టూరా ఒకే రంగుకు మాడిందంటే చేతి తప్పు కానే కాదు, మోటారుకు ఊపిరాడలేదని. ఓర్చుకోలేనంత పని పెట్టారు, లేదా చల్లబడే దారి మూసేశారు.

ఇందులో మొహమాటం ఉండేది కాదు. "ఇది నీ వాడకం" అని పెద్ద పెద్ద వాళ్ళ మొహాన చెప్పేవాడు. ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి ఒక్కచోట మాడిన మోటారు వస్తే, "ఇది నా చెయ్యి" అని అంతే గట్టిగా చెప్పి, తీగ తన ఖర్చుతో వేసి చుట్టిచ్చేవాడు. ఆ ఒక్క మాట కోసం సీతారామపురం నుంచి కూడా మోటార్లు వచ్చేవి.

నేను ఇంజనీరింగులో ఉండగా రెండు ఎండాకాలాలు ఆ షాపులో కూర్చున్నాను. కాలేజీలో మోటారు అంటే బోర్డు మీద బొమ్మ. ఇక్కడ అది చేతికి మసి అంటించే వస్తువు. తీగను ఆయన కళ్ళు మూసుకుని వేళ్ళ మధ్యగా పోనిచ్చేవాడు. పైన ఉన్న పూత వెంట్రుకంత గీరుకుని ఉన్నా వేలు ఆగిపోయేది. అక్కడ కత్తిరించి పారేసేవాడు. మాడినదాన్ని చూసి కారణం చెప్పడం నాకు నేర్పింది ఆయనే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. నేను చేసిన పనికి తెలియనితనం అనే సాకు లేదు.

తర్వాత నేను బెంగుళూరులో ఒక చిన్న కంపెనీలో చేరాను. చిన్న విమానాలకు జనరేటర్లు. అప్పటిదాకా వాడుతున్నదానికంటే బరువు తక్కువ, కరెంటు ఎక్కువ ఉండేది చేయాలి. నేను గీసిన నమూనాలో తీగ కూర్చునే గాడులు సన్నం. ఇనుము దాటి బయటికొచ్చే తీగ మలుపులు బాగా పొట్టిగా ఉండాలి, ఎందుకంటే ఆ మలుపుల్లో ఉన్న రాగి కరెంటు పుట్టించదు, ఊరికే బరువు. కాగితం మీద బాగుంది. చుట్టేవాళ్ళు లేరు. మెషీను ఆ గాడుల్లోకి దూరదు. రెండు చోట్ల అడిగాం, కాదన్నారు. అప్పుడు మీటింగులో నేనే అన్నాను, మా ఆత్మకూరులో ఒకాయన ఉన్నాడని. అందరూ నవ్వారు. నవ్వినందుకు నాకు రోషం వచ్చింది. తీసుకొచ్చి చూపిస్తానన్నాను.

మస్తానన్న వచ్చాడు. మూడు వారాలు షాపు మూసేసి వచ్చాడు. వెదురు చెక్కలు నాలుగు, చిన్న చెక్క సుత్తి, దారపు ఉండ, ఇవే ఆయన పనిముట్లు. కంపెనీవాళ్ళు తెల్లకోటు ఇస్తే చేతులు పొడుగున్నాయని మోచేతుల దాకా మడిచి తొడుక్కున్నాడు. మొదటి వారం మా వాళ్ళు వచ్చి నవ్వుతూ చూశారు. రెండో వారం నవ్వకుండా చూశారు. నేను డ్రాయింగులో రాసినదానికంటే ఇంకా పొట్టిగా మలుపులు పడుకోబెట్టాడు. తూకం వేస్తే నేను ఆశపడినదానికంటే తక్కువ తూగింది. నాకు ఎంత గర్వమో. ఆయనేదో నేను తయారుచేసిన వస్తువైనట్టు ఆఫీసంతా తిప్పాను.

చుట్టడం అయిపోయే ముందు ఒక మాట అడిగాడు. దీంట్లో గాలి ఎట్ట పోతాది అని. ఎక్కడా సందు లేదు గదా అని. నేను నవ్వాను. ఇది బోరు మోటారు కాదన్నా, గాలి సంగతి కంప్యూటరు చూసుకుంది అన్నాను. నువ్వు చూసినావంటే సరే అన్నాడు. అంతే, మళ్ళీ ఎత్తలేదు.

కంప్యూటరుకు ఏం పాపం తెలుసు? మనం పెట్టిందే అది వండుతుంది. పైన ఆకాశంలో గాలి పల్చగా ఉంటుంది. పల్చటి గాలి వేడిని అంతగా లాక్కుపోలేదు. ఈ సంగతి మొదటి ఏడాది పిల్లలకు కూడా తెలుసు, నాకు తెలియదా? తెలుసు. అయినా లెక్కలో ఒక గడిలో నేల మీది గాలి విలువే ఉండిపోయింది. మార్చాలనుకుని మరిచిపోయాను. ఆ లెక్క చూసుకుని, ఇంకా చోటుంది కదా అని, గాలి పోయే దారులు ఇంకొంచెం మూసి ఇంకొంచెం బరువు తగ్గించాను.

పల్చటి గాలిని కిందనే పుట్టించే ఒక మూసిన గది ఉంటుంది, విమానంలో పెట్టే వస్తువుల్ని అందులో నడిపి చూస్తారు. మా జనరేటరు నలభై నిమిషాలు నడిచింది. తర్వాత అద్దం అవతల పొగ కనిపించింది.

దాన్ని విప్పింది నేనే. ఒక్కణ్ణే విప్పాను. మూత తీయగానే వాసన. ఆ వాసన నాకు ఆత్మకూరు షాపులో పరిచయం. చుట్టూరా ఒకే రంగు. పాకం ముదిరిపోయిన బెల్లం రంగు. ఒక్క కాయిలు ఎక్కువ కాదు, ఒక్కటి తక్కువ కాదు. ఎక్కడా బొగ్గు మచ్చ లేదు. నేను చాలాసేపు చూశాను. వేలు పెట్టి చుట్టూ తిప్పాను. మనసులో ఆయన గొంతే వినిపించింది, చేతి తప్పు కానే కాదని. అప్పుడు పోయి నా లెక్క తెరిచాను. ఆ గడి దొరకడానికి పావుగంట కూడా పట్టలేదు.

సాయంత్రం మా మేనేజరు పిలిచాడు. వచ్చేవారం మాకు డబ్బు పెట్టేవాళ్ళు వస్తున్నారు. ఆయన మొహం పాలిపోయి ఉంది. డిజైన్ తప్పా, వైండింగ్ తప్పా అని అడగలేదు. "అది చేత్తో చుట్టిందే కదా?" అని అడిగాడు. అంత మెత్తగా తలుపు తీసిపెట్టాడు. నేను దూరాను. అవును సార్ అన్నాను.

ఆ ఒక్క అవునుకు ఎన్ని రోజులు ఆలోచించానో తెలుసా? ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అందుకే నాకు భయం వేస్తుంది. ఆలోచించి చేసిన దుర్మార్గమైతే దానికి ఒక కారణం ఉండేది. ఇది నోట్లో ముందునుంచీ సిద్ధంగా ఉన్నట్టు వచ్చింది. అంటే ఆ రెండు ఎండాకాలాలు ఆయన స్టూలు పక్కన కూర్చున్నప్పుడు కూడా ఈ మాట నాలో ఎక్కడో ఉందా? ఆయన్ను ఆఫీసంతా తిప్పి చూపించినప్పుడు ఉందా? రిపోర్టులో 'పనితనం లోపం' అని రాసి సంతకం పెట్టాను. ఆ అక్షరాలు నావి. ఎవరూ నా చెయ్యి పట్టుకుని రాయించలేదు.

అప్పటికే ఊరికి తిరిగిపోయిన ఆయనకు ఆ రాత్రే ఫోన్లో చెప్పాను. అప్పుడు కూడా వేరేవాళ్ళెవరో చెప్పినట్టు చెప్పాను. వైండింగులో షార్టు వచ్చిందంట అన్నా, అని.

మర్నాడు పొద్దున పదికల్లా కంపెనీ గేటు దగ్గర ఉన్నాడు. చంకలో సంచి. సంచిలో ఆ వెదురు చెక్కలు. మళ్ళీ చుట్టడానికి సిద్ధపడే వచ్చాడు. లోపలికి తీసుకుపోలేదు నేను. సెక్యూరిటీ గది పక్కన నిలబెట్టే మాట్లాడాను.

"ఏడ మాడిందబ్బయా?"

"ఒక మూల అన్నా."

"ఒక్కసారి చూపించు. చూస్తే నాకు తెలిసిపోతాది. నా చెయ్యే అయితే ఇప్పుడే కూర్చుని చుట్టిస్తా, రూపాయి వద్దు."

"లేదన్నా. తీసేసినారు. స్క్రాపుకు పంపించేసినారు."

"నిన్న కాలింది, ఇయ్యాలకే పంపించేసినారా?"

"ఇక్కడ అట్నే ఉంటాదన్నా. రూల్సు."

ఆయన గేటు లోపలికి చూశాడు. కాలిన ఆ జనరేటరు చట్రం మొదటి అంతస్తులో నా బీరువాలో ఉంది. తాళంచెవి నా జేబులో ఉంది. నా చెయ్యి జేబులోనే ఉంది, తాళంచెవి మీద.

"నువ్వు చూసినావా, కళ్ళారా?"

"చూసినానన్నా."

"ఒక్క చోటేనా?"

"ఒక్క చోటే."

సంచి ఇంకో చంకకు మార్చుకున్నాడు. తర్వాత తల ఊపాడు. "సరేలే. నువ్వు చూస్తే నేను చూసినట్టే. నేను నేర్పిన కన్నే గదా. నీకు మాట తెచ్చినానబ్బయా, ఏమనుకోబాక."

నాకు క్షమాపణ చెప్పాడు. ఆయన నాకు. చెప్పి, టీ తాగమన్నా ఆగకుండా, బస్సుకు టైమవుతుందని వెళ్ళిపోయాడు. ఎవడి మోటారునైనా ఎదురుగా విప్పి, చెయ్యి పెట్టించి, అప్పుడు మాట్లాడే మనిషి. తన విషయానికొచ్చేసరికి చూడకుండా ఒప్పుకున్నాడు. ఎందుకు? నా మాట కోసం. నన్ను నమ్మాడు కాబట్టి. ద్రోహం అంటే పరాయివాడు చేసేది కాదు. నేను పరాయివాణ్ణయితే చూపించు అని గేటు దగ్గర పోట్లాడి ఉండేవాడు, గెలిచి ఉండేవాడు.

ఆ చట్రాన్ని ఆరు నెలల తర్వాత నిజంగానే స్క్రాపుకు వేశాను. తూకానికి పోయింది. అలా అబద్ధాన్ని నిజం చేసుకున్నాను. ఇప్పుడు ఎవరికీ చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. నా మాట తప్ప. నా మాట ఖరీదు మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

రెండో నమూనాకు ఆ గడి సరిచేశాను. గాలిదారులు తెరిచాను. బరువు కొంచెం పెరిగింది. ఎవరూ అడగలేదు. వేరేవాళ్ళ చేత చుట్టించాం, వాళ్ళకు మస్తానన్న చుట్టినదాని ఫోటోలే చూపించి అలాగే పడుకోబెట్టమన్నాం. పాసయింది. కేకు కోశారు.

ఆత్మకూరు పోవడం మానేశాను. మోటారు కాలితే వింజమూరులో ఇవ్వమని నాయనకు చెప్పాను. దగ్గర కదా అన్నాను. నాయన వినలేదు, కొన్నాళ్ళు ఆయన దగ్గరికే తీసుకెళ్ళాడు. ఒకసారి ఫోన్లో అన్నాడు, "మస్తానయ్య మునుపటి మాదిరి లేడురా. ఏం చెప్పినా ఊఁ అంటుండాడు" అని. నేను సిగ్నల్ లేదని పెట్టేశాను.

ఇక్కడ మీకొక నవ్వొచ్చే సంగతి చెప్పాలి. పోయిన ఏడాది మా జనరేటరు గురించి మా మేనేజరు ఒక పెద్ద సభలో మాట్లాడాడు. తెర మీద అందరి పేర్లూ వేశాడు. నా పేరు లేదు. అంతే జరిగింది. ఒక తెర మీద ఒక పేరు. దానికి నేను మూడు నెలలు అన్నం సరిగా తినలేదు. వెన్నుపోటు అన్నాను. ఇన్నేళ్ళు నమ్మించి గొంతు కోశాడు అన్నాను. కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. ఇంటికొచ్చి నాయనకు కూడా చెప్పాను. నాయన అంతా విని, గొర్రెపిల్లకు పాలసీసా పడుతూ, "నువ్వు చేసింది నువ్వు చేసినావని నీకు తెలుసు గదా. తెలియనోడి గతి ఏంది?" అన్నాడు.

ఆయనకు ఏమీ తెలియదు. ఏదో ఓదార్పుకు అన్న మాట. నేను మాత్రం ఆ పూట అక్కడ కూర్చోలేకపోయాను. నాకు ద్రోహం జరిగిందని నాకు తెలుసు, ఊరంతా తిరిగి ఏడ్చుకోగలిగాను. మస్తానన్నకు జరిగింది ద్రోహమని కూడా ఆయనకు తెలియదు. తన చేతినే తిట్టుకుంటూ ఉన్నాడు. తెర మీద పేరు లేదని ఏడ్చిన నోటితో ఆ రోజు నిజం చెప్పి ఉండవచ్చు కదా? చెప్పలేదు. ఇంకో ఆరు నెలలు పోనిచ్చాను.

ఈ ఎండాకాలం నాయన మోటారు మళ్ళీ కాలింది. నేనే తీసుకుపోతానన్నాను. గోనెసంచి కట్టాను. బస్సులో దారి పొడుగునా చెప్పాల్సిన మాట లోపల తిప్పుకుంటూనే ఉన్నాను.

షాపు అదే. ఆయన ముసలివాడైపోయాడు. అరవై కూడా ఉండవు, అయినా. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నేను చచ్చిపోయాను ఆ లేవడానికి. నాకంటే ముందు సంగం నుంచి వచ్చిన ఒక రైతు ఉన్నాడు, మోటారుతో. నెల కింద చుట్టిచ్చింది మళ్ళీ మాడిందని గట్టిగా అరుస్తున్నాడు. స్టూలు ఖాళీగా ఉంది. మస్తానన్న కూర్చోమనలేదు. విప్పలేదు. మూతకు చెయ్యి కూడా వేయలేదు.

"నా చెయ్యే అయ్యుంటాది రెడ్డీ," అన్నాడు. "పెట్టిపో. ఎల్లుండికి చుట్టిస్తా. ఏం ఇయ్యబాక."

రైతు చల్లబడ్డాడు. అంత సులువుగా ఒప్పుకునేసరికి ఆయనకే మొహమాటంగా ఉన్నట్టుంది, విప్పి చూడవా అన్నాడు. అప్పుడు మస్తానన్న నవ్వి, నన్ను చూపిస్తూ చెప్పాడు. ఎన్నిసార్లు చెప్పి ఉంటాడో, ఎక్కడా తడుముకోకుండా చెప్పాడు.

"చూసేదేముంది. ఈ అబ్బయ నన్ను నమ్మి బెంగుళూరు పిలిపించినాడు. విమానం మోటారు చుట్టినా. ఎంత జాగ్రత్తగా చుట్టినానో. అయినా నా చేతికింద కాలిపోయింది. ఈయన మాట పోయింది నావల్ల. అట్టాంటప్పుడు బోరు మోటారుకు నాది కాదని ఎట్ట అంటా?"

ఆ మోటారు మూతకున్న సందులోంచి లోపలి కాయిళ్ళు కొంచెం కనిపిస్తున్నాయి. నేను నిలబడ్డ చోటికే కనిపిస్తున్నాయి. కొన్ని మాడి, మధ్యలో కొన్ని పచ్చిగా. ఫేజు పోయినా ఆపలేదు ఆ రెడ్డి. షాపులోకి వచ్చిన ఎవరికైనా రెండు నిమిషాల్లో చూపించగలిగిన మనిషి, చూడటమే మానేశాడు.

తర్వాత నాతో మాటల్లో తన కూతురి సంగతి చెప్పాడు. ఆ పిల్లకు చెయ్యి బాగా వచ్చిందట, తీగ పట్టుకుంటే తనకంటే సాఫుగా పడుకోబెట్టేదట. షాపు తనే చూసుకుంటానంటే ఈయనే వద్దన్నాడట. ఇప్పుడు నెల్లూరులో బట్టలషాపులో పని చేస్తోంది. "నా చెయ్యి దానికి రాకూడదబ్బయా," అన్నాడు.

నాకు సోడా తెప్పించాడు. తాగాను. నాయన మోటారు అక్కడే పెట్టేసి బస్సెక్కి వచ్చేశాను. చెప్పలేదు.

మీరు తిట్టుకుంటూ ఉండొచ్చు. నేనూ తిట్టుకున్నాను. బస్సులో కూర్చుని నాకు అర్థమైంది ఒకటే. నా తప్పును తొమ్మిదేళ్ళుగా ఒక మనిషి ఒప్పుకుంటూ వస్తున్నాడు. దాచకుండా, సిగ్గుపడకుండా, అడిగినవాడికీ అడగనివాడికీ. నేను ఒక్కసారి చెప్పలేని మాటను ఆయన నా బదులు ఎన్ని వందలసార్లు చెప్పాడో. అంత నిజాయితీగా చెప్పిన అబద్ధం ఎక్కడైనా ఉంటుందా? దాన్ని ఆయన నోట్లో పెట్టింది నేను.

మూడో రోజు ఫోను చేశాను. ఎదురుగా చెప్పే ధైర్యం రాలేదు, అది కూడా రాసుకోండి. అంతా చెప్పాను. గాలి, గడి, బీరువా, తాళంచెవి. లైను కట్టయిందేమోనని రెండుసార్లు అన్నా అన్నా అని పిలిచాను.

"చుట్టూరానా?" అన్నాడు చివరికి.

"చుట్టూరా అన్నా. ఒకే రంగు."

"ఆ పొద్దే చూసినావు."

"చూసినానన్నా."

ఆయన గొంతు మారిపోయింది. నా మీద ఆయన గొంతు పెంచడం నేను ఎప్పుడూ వినలేదు.

"నాకెందుకు చెప్తుండావు రా? నేను ఎంతమందికి చెప్పినానో, నా చెయ్యి మంచిది కాదని! సంగం వాళ్ళకి చెప్పినా. అనంతసాగరం వాళ్ళకి చెప్పినా. కన్నబిడ్డకు చెప్పినా. వాళ్ళందరికీ ఎవరు చెప్తారు? నువ్వు పో. పోయి చెప్పు."

పెట్టేశాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. నాయన మోటారు తెచ్చుకోవడానికి పోతే షాపులో లేడు. పక్క షాపు అతను మోటారు అప్పగించాడు. చుట్టి ఉంది. మా ఇంటి మోటారును సొంతదారు లేకుండానే విప్పాడు, అందులో ఏం చూశాడో నాకు తెలియదు.

అందుకని పోతున్నాను. సెలవు పెట్టి తిరుగుతున్నాను. మొదట సంగం పోయి ఆ రెడ్డిని వెతికి పట్టుకున్నాను. కాలవ గట్టు మీద నిలబడి అంతా విన్నాడు. విని, "అయితే నాకు ఊరికే చుట్టిచ్చినదానికి ఇప్పుడు డబ్బులడుగుతాడా?" అన్నాడు. అడగడులెండి అన్నాను. "అట్టయితే సరే" అని మడిలోకి దిగిపోయాడు. నేను ఏదో జరుగుతుందనుకున్నాను. తిడతాడనో, కొడతాడనో. ఏమీ జరగలేదు. నా జీవితంలో ఇంత పెద్ద సంగతి ఆయనకు ఒక వైండింగు చార్జీ అంత కూడా కాలేదు. నవ్వాలో ఏడవాలో తెలియక బస్టాండు దాకా నడిచాను.

నెల్లూరు పోయి ఆ అమ్మాయికి చెప్పాను. బట్టలషాపు మెట్ల మీద. ఆమె వింటున్నంతసేపూ తన అరచేతుల్ని చూసుకుంది. నేను ముగించగానే లోపలికి వెళ్ళిపోయింది. అప్పటినుంచి నాకు నిద్ర సరిగా లేదు. ఉండాలని నేను అడగడం లేదు.

ఇప్పటికి పదకొండు మందికి చెప్పాను. ఇంకెంతమంది ఉన్నారో ఆయనకే లెక్క తెలియదు, నాకేం తెలుస్తుంది? కొందరు ఊళ్ళు వదిలి పనులకు పోయారు, కొందరు ఈ లోకంలోనే లేరు. అందుకే ఇలా రాస్తున్నాను. నా పేరు వేయలేదు. అది కూడా పిరికితనమే, ఉద్యోగం మీద భయం. ఆత్మకూరులో వాళ్ళకు నా పేరు చెప్పాల్సిన పని లేదు, తెలుసు. ఆయన నన్ను క్షమించలేదు. క్షమించమని నేను అడగలేదు, అడిగే మొహం లేదు. రాస్తూ ఉంటే మాత్రం గుండె మీద ఇన్నాళ్ళుగా కూర్చున్న ఆ బరువు కాస్త జరిగి ఊపిరి ఆడుతోంది. ఇంత చేసి నాకు ఆ సుఖం ఎందుకు అని కూడా అనిపిస్తోంది.

మీరు ఆ పక్క వాళ్ళయితే, ఎప్పుడైనా ఆత్మకూరు బస్టాండు వెనక సందులో మోటారు చుట్టించి ఉంటే, ఆ పెద్దమనిషి మీతో తన చేతి తప్పు గురించి చెప్పి ఉంటే, అది ఆయనది కాదు. నాది.